పచ్చి బాలింత: తెలుగు సాహిత్యంలో పురుడు తర్వాతి కాలం

వ్యాస సంగ్రహం

ప్రసవం తర్వాత తల్లి కోలుకునే కాలానికి తెలుగువారి ఇళ్ళలో ఒక పేరు, ఒక పథ్యం, ఒక పద్ధతి ఉన్నాయి. ఆ కాలానికి తెలుగు సాహిత్యంలో దక్కిన చోటు మాత్రం స్వల్పం. వేవిళ్ళు, సీమంతం, పురిటినొప్పులు, ఉయ్యాల వర్ణనకు వస్తువులయ్యాయి. నొప్పులకూ ఉయ్యాలకూ నడుమ ఉన్న బాలింత మాత్రం చూపు నుంచి తప్పిపోయింది. స్త్రీల రామాయణపు పాటలు, వాల్మీకి ఉత్తరకాండలోని కుశలవుల జనన ఘట్టం, స్త్రీవాద కవిత్వం, ఓల్గా ‘సమాగమం’ కథ, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలు ఆధారంగా ఈ లోటును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. శరీరం కోలుకోవడానికి పదజాలాన్ని సమకూర్చుకున్న భాష మనసు తేరుకోవడానికి తగిన మాటలను ఇవ్వలేకపోవడం కేవలం సాహిత్య సమస్య కాదనీ, తల్లుల ఆరోగ్యానికి సంబంధించిన సమస్య అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాలింత, పురుడు, స్త్రీల పాటలు, ఉత్తరకాండ, స్త్రీవాద సాహిత్యం, మౌఖిక చరిత్ర, ప్రసవానంతర కుంగుబాటు.

1. ఉపోద్ఘాతం

పురుడు పోసుకున్న ఇంటి నుంచి బయటికి వచ్చే మొదటి వార్త ‘తల్లీబిడ్డా క్షేమం’. పూర్వం ఉత్తరం మోసుకొచ్చినా, నేడు ఫోను మోసుకొచ్చినా మాట మారలేదు. ఈ చిన్న వాక్యంలో ఇద్దరు మనుషులు ఉన్నారు. క్షేమం మాత్రం ఒక్కటే. వార్త విన్నవారు వెంటనే అడిగే ప్రశ్నలు బిడ్డను గురించినవి: ఆడా, మగా? ఎంత బరువు? ఎవరి పోలిక? తల్లిని గురించి ప్రత్యేకంగా అడగవలసిన అవసరం కనిపించదు. ఆమె క్షేమం బిడ్డ క్షేమంలోనే ఇమిడిపోయిందని అందరి నమ్మకం.

తెలుగు సాహిత్యం కూడా చాలావరకు ఈ వార్త చదివినట్టే ప్రసవాన్ని చదివింది. బిడ్డ కేకతో ఘట్టం ముగుస్తుంది. తర్వాతి ఘట్టం ఉయ్యాల దగ్గర మొదలవుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న ఆరేడు వారాలలో ఒక స్త్రీ శరీరంలో, మనసులో జరిగేదేమిటో చెప్పవలసిన చోట కథనం దాటు వేస్తుంది. ఈ దాటు ఎక్కడెక్కడ పడిందో, ఎక్కడ పడలేదో గుర్తించడం ద్వారా బాలింత అనే పాత్రను సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకురావచ్చు.

2. భాష ఎరిగిన బాలింత

తెలుగు భాష బాలింతను బాగా ఎరుగును. చూలింత, బాలింత అనే జంట పదాలు గర్భిణినీ, ప్రసవించిన స్త్రీనీ రెండు వేరు దశలుగా గుర్తిస్తాయి. కొత్తగా ప్రసవించిన స్త్రీని ‘పచ్చి బాలింత’ అంటారు. పచ్చి పుండు, పచ్చి గోడ అన్న చోట ఉన్న పచ్చిదనమే ఇక్కడా ఉంది. ‘ఒంటి పచ్చి ఆరకముందే పనిలోకి దిగింది’ అన్న మాటలో జాలి, మందలింపు రెండూ వినిపిస్తాయి. ప్రసవించిన శరీరం ఒక గాయమనీ, అది ఆరడానికి కాలం పడుతుందనీ చెప్పడానికి ఈ భాషకు వైద్య పరిభాష అవసరం లేకపోయింది.

పద్ధతి కూడా ఈ అవగాహన మీదనే ఏర్పడింది. తొలిచూలు పురుడు పుట్టింట్లో జరగాలన్న ఆచారం, నూనెతో ఒళ్ళు మర్దించడం, వేడినీళ్ళ స్నానం, సాంబ్రాణి ధూపం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు కట్టు, కారపు దినుసులతో నూరిన కాయం, పథ్యపు అన్నం, ఇవన్నీ కలిసి బాలింత దినచర్య అయ్యాయి. సుశ్రుత సంహిత సూతికకు నెలన్నర కాలం ఆహార విహార నియమాలు చెప్పి, ఆ తర్వాత ఆమెకు సూతిక అన్న పేరు తొలగుతుందని పేర్కొంది. ఆధునిక వైద్యం ప్రసవానంతర కాలాన్ని ఆరు వారాలుగా లెక్కిస్తుంది. ప్రసవం ముగిసిన వెంటనే సుమారు ఒక కిలో బరువుండే గర్భసంచి ఆ ఆరు వారాలలో వంద గ్రాములకు అటూఇటూగా కుదించుకుంటుంది. లెక్క కట్టిన తీరు వేరైనా రెండు సంప్రదాయాలూ దాదాపు ఒకే గడువు దగ్గర కలుసుకున్నాయి.

అయితే ఈ పద్ధతిని మొత్తంగా కీర్తించడానికి వీలు లేదు. విశ్రాంతి ఇచ్చిన ఆచారమే మైల పేరుతో తల్లిని ఒక మూల గదికి పరిమితం చేసింది. దాహమైనా నీళ్ళు కొలిచి ఇచ్చిన ఇళ్ళు ఉన్నాయి. పాలిచ్చే తల్లికి నీరు తగ్గించడం హాని చేస్తుందని నేటి వైద్యం స్పష్టంగా చెబుతోంది. ఆడపిల్ల పుట్టిన పురిటింట్లో ఆ పథ్యపు అన్నమే మరో రకంగా వడ్డించిన సందర్భాలూ సమాజం ఎరిగినవే. పైగా నలభై రోజుల విశ్రాంతి అందరు తల్లులకూ దక్కలేదు. కూలికి వెళ్ళకపోతే పొయ్యి వెలగని ఇంట్లో పచ్చి బాలింత పొలం గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి కలుపు తీసింది. పురుడు పోసే పనిని చాలా ఊళ్ళలో అంటరానివారిగా ఎంచిన కులాల స్త్రీలు చేశారు. ఇతరుల బాలింతలకు స్నానం చేయించిన ఆ చేతులకు తమ పురుడులో దక్కిన విశ్రాంతి ఎంత అన్న ప్రశ్న ఆ ఆచారాన్ని మెచ్చుకునే రచనల్లో అరుదు.

మరొక ముఖ్యమైన లోటు ఉంది. శరీరానికి ఇన్ని మాటలున్న ఈ పదకోశంలో బాలింత మనసుకు ఉన్న మాటలు చాలా తక్కువ. ఉన్నవి కూడా ఆమెవి కావు, ఆమెను చూసినవారివి. ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’, ‘సంధి పుట్టింది’ అన్న మాటలు మనసులోని కష్టాన్ని బయటి నుంచి వచ్చిపడిన దానిగా భావిస్తాయి. ‘బాలింత ఏడవకూడదు’ అన్న హెచ్చరికలో ఆమె కళ్ళ మీద శ్రద్ధ ఉంది. ఆ కన్నీటికి కారణమేమిటన్న విచారణ లేదు.

3. స్త్రీల పాటల్లో పురిటిగది

బాలింతకు అతి సమీపంగా వెళ్ళిన తెలుగు సాహిత్యం స్త్రీల పాటలు. కృష్ణశ్రీ సంకలనం చేయగా 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’, బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్య పరిశోధన ఈ సంపదను విద్వత్ లోకం ముందు ఉంచాయి. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన ఆంగ్ల వ్యాసంలో ఈ పాటలు పురుషుల సభల్లో వినిపించే రామాయణం కంటే వేరైన చూపుతో, ఇంటి లోపలి గదులలో ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం నిలుపుకున్న రామాయణమని నిరూపించారు.

ఈ దృష్టికి చక్కని నిదర్శనం కౌసల్య ప్రసవ ఘట్టం. సభారామాయణంలో రామజననం యాగఫలం, పాయస ప్రసాదం, గ్రహాల ఉచ్చస్థితి. తల్లి పడిన నొప్పికి అక్కడ చోటు లేదు. స్త్రీల పాటలో కౌసల్య పురిటినొప్పులు పడుతుంది. మంత్రసానికి కబురు వెళుతుంది. ఆమె ఠీవిగా వచ్చి, కౌసల్య వీపు నిమిరి ధైర్యం చెబుతుంది. చుట్టూ ఉన్న స్త్రీలు ఒంటి మీది బరువైన నగలు తీసివేస్తారు. దూలాలకు తాళ్ళు కట్టి ఆమె చేతికి అందిస్తారు. ఇక భరించలేనన్న మాట మహారాణి నోట వస్తుంది.

ఈ ఘట్టంలో విమర్శకు అందే అంశాలు మూడు. ఒకటి, నగలు తీయడం. రాణిత్వాన్ని ఒంటి మీద నుంచి దించిన తర్వాత మిగిలింది నొప్పి పడే శరీరం. ఆ శరీరం ఏ ఇంటి ఆడదానిదైనా కావచ్చు. రెండు, మంత్రసానికి ఇచ్చిన గౌరవం. ఊరి చివర నుంచి పిలిపించుకుని, పని కాగానే మైలతో పాటు సాగనంపే స్త్రీకి పాట కొంతసేపైనా రాజసం కల్పించింది. పాడిన స్త్రీలు పై కులాలవారే అయినా, ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆ గదిలో వారికి తెలుసు. మూడు, తోడు. నొప్పి ఒక్కరిదే, తాడు పట్టించే చేతులు మాత్రం అనేకం. ప్రసవించే స్త్రీకి ధైర్యం చెప్పే మనిషి పక్కన ఉండటం కూడా చికిత్సలో భాగమని ఈ పాటకు తెలుసు.

ఇంత తెలిసిన పాట సైతం బిడ్డ పుట్టాక చూపు మార్చుకుంటుంది. పురిటి స్నానం, కానుకలు, పేరంటం, ఉయ్యాల వేడుక ముందుకు వస్తాయి. వేడుకల్లో కౌసల్య ఉంటుంది, అయితే రాముడి తల్లిగా ఉంటుంది. తాళ్ళు పట్టుకున్న చేతుల నొప్పి ఎప్పుడు తగ్గిందో పాట చెప్పదు.

జోలపాటను ఈ సందర్భంలో మరొక కోణం నుంచి చదవవలసి ఉంది. బాలింత స్వరం తెలుగులో నిరాటంకంగా వినిపించిన ఒకే ఒక ప్రక్రియ అది. కానీ ఆ స్వరం ఎదుటివారిని సంబోధించేది మాత్రమే. పసివాడు రాముడో కృష్ణుడో అవుతాడు, మేనమామలు వస్తారు, పుట్టిల్లు గుర్తుకు వస్తుంది. పాడే మనిషి ‘నేను’ అనదు. రాత్రి మూడోసారి లేచిన స్త్రీ, కన్ను మూయడానికి వీలు లేని స్త్రీ, మరొకరిని నిద్రపొమ్మని బతిమాలుతున్న స్థితి జోలపాటకు పుట్టుక. జోలపాటల అధ్యయనాలు శిశువు మీద, భక్తి మీద, లయ మీద నిలిచినంతగా ఈ స్థితి మీద నిలవలేదు. పాటలో మాటల అర్థం వాత్సల్యం కావచ్చు. పాట ఆగకుండా సాగవలసి రావడంలో అలసట ఉంది. ఈ రెండూ ఒకే గొంతులో ఉండగలవని ఒప్పుకోవడం వాత్సల్యాన్ని తక్కువ చేయడం కాదు.

4. వాల్మీకి ఆశ్రమంలో ఒక రాత్రి

కౌసల్యది తోడు ఉన్న పురుడు. సీతది పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ లేని పురుడు. వాల్మీకి ఉత్తరకాండలో ఆమె ఆశ్రమ పర్ణశాలలో కవలలను కంటుంది. మునిబాలకులు వార్త చెప్పగా వాల్మీకి వస్తాడు. పసివారికి రక్షగా దర్భలను మంత్రించి ఇస్తాడు. దర్భల అగ్రభాగంతో తుడవబడిన వాడు కుశుడు, మొదలి భాగంతో తుడవబడిన వాడు లవుడు. వృద్ధస్త్రీలు ఆ పని నిర్వర్తిస్తారు. అదే రాత్రి ఆశ్రమంలో బస చేసిన శత్రుఘ్నుడు వార్త విని సంతోషిస్తాడు. తెల్లవారగానే తన దారిన వెళ్ళిపోతాడు. అతడు మళ్ళీ ఆ ఆశ్రమానికి వచ్చేసరికి పన్నెండేళ్ళు గడిచి ఉంటాయి. అప్పటికి అక్కడ రామాయణ గానం వినిపిస్తూ ఉంటుంది.

ఈ ఘట్ట నిర్మాణం గమనించదగినది. రక్ష ఉంది, అది బిడ్డలకు. నామకరణం ఉంది, అది బిడ్డలకు. సంతోషం ఉంది, అది వంశానికి. భర్త విడిచిన దుఃఖంతో, అడవిలో, ఇద్దరు పసికందులను ఒకేసారి కన్న స్త్రీ ఆ మర్నాడు ఎలా లేచిందన్నది కథకు బయట ఉండిపోయింది. శత్రుఘ్నుడి రాకపోకలతో కాలాన్ని కొలిచిన కథనం పన్నెండేళ్ళను ఒక్క అంగలో దాటింది. సీతాపరిత్యాగ ఘట్టంలో పాఠకుడు పొందే కరుణ ఎంత గాఢమైనదో, ప్రసవం తర్వాత ఆ కరుణకు ఆలంబనం లేకపోవడం అంత స్పష్టం. విడిచిపెట్టబడిన భార్యగా సీతకు శోకం అనుమతించిన కావ్యం, తల్లి అయిన తర్వాత ఆ శోకాన్ని చెప్పే అవకాశం ఇవ్వలేదు. బిడ్డలు పుట్టారు కనుక దుఃఖం తీరిందన్న ఊహ ఆ మౌనంలో ఉంది. ‘బిడ్డ మొహం చూస్తే అన్నీ మరిచిపోతావు’ అని నేటికీ పురిటింట్లో వినిపించే ఓదార్పు ఈ ఊహకు ఇంటి రూపం.

ఆధునిక తెలుగు కథ సీతను ఆశ్రమంలో మళ్ళీ పలకరించింది. ఓల్గా ‘విముక్త’ సంపుటిలోని ‘సమాగమం’ కథలో సీత శూర్పణఖను కలుస్తుంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ సంపుటిపై విమర్శ విస్తృతంగా వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఇద్దరు స్త్రీల సంఘీభావాన్ని చర్చించింది. బాలింత కోణం నుంచి చూస్తే మరొక విషయం కనిపిస్తుంది. తెగిన శరీరంతో, అవమానంతో, ద్వేషంతో బతికిన శూర్పణఖ మొక్కలు పెంచుతూ, పూల రంగులతో వాసనలతో స్నేహం చేస్తూ మెల్లగా తనను తాను తిరిగి పొందిన క్రమాన్ని ఆ కథ చెప్పింది. గాయపడిన స్త్రీ శరీరం కోలుకోవడానికీ, మనసు తేరుకోవడానికీ ఎంతెంత కాలం పడుతుందో, అది నేరుగా సాగే దారి కాదో ఆ కథ శ్రద్ధగా పట్టుకుంది. తెలుగులో కోలుకోవడాన్నే వస్తువుగా తీసుకున్న మంచి కథల్లో అది ఒకటి. అయినా కోలుకున్న స్త్రీగా అందులో ముందు నిలిచినది శూర్పణఖ. సీత ఆమెను కలిసేనాటికి కుశలవులు అడవిలో తిరిగే ఈడుకు వచ్చారు. పునర్లిఖిత కథ సైతం మూలకథ దాటిన ఆ ఏళ్ళను దాటే వచ్చింది.

ఇది ఓల్గా కథలో లోపమని చెప్పడం ఉద్దేశం కాదు. ఒక కథ తన వస్తువును తానే ఎంచుకుంటుంది. అయితే గాయం నుంచి కోలుకునే స్త్రీని ఊహించగల శక్తి తెలుగు కథకు ఉందని, ఆ శక్తి పురిటిగది వైపు ఇంకా తగినంతగా మళ్ళలేదని ఈ పోలిక చూపుతుంది.

5. లేబర్ రూమ్ గడప

1980ల నుంచి వెల్లువెత్తిన స్త్రీవాద కవిత్వం స్త్రీ శరీరాన్ని కవితావస్తువుగా నిలబెట్టింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అంతవరకు కవిత్వం గడప తొక్కని గదుల్లోకి పాఠకుణ్ణి తీసుకువెళ్ళాయి. మాతృత్వాన్ని మహిమగా కీర్తించే అలవాటును ఈ కవితలు ప్రశ్నించాయి. ప్రసవాన్ని పవిత్రతగా కాక అనుభవంగా మాట్లాడటం అప్పట్లో అశ్లీలమన్న నింద మోయవలసిన సాహసం. ఆ నిందను మోసిన కవయిత్రులకు తెలుగు కవిత్వం రుణపడి ఉంది.

ఆ కవిత్వపు వేగమే దాని పరిధిని కూడా నిర్ణయించింది. లేబర్ రూమ్ ఒక స్థలం. అక్కడి నొప్పికి ఒక శిఖరం ఉంది, ఒక ముగింపు ఉంది. నిరసనకు అటువంటి తీవ్రక్షణం అనువైనది. ప్రసవం తర్వాతి కాలం అలాంటిది కాదు. దానికి శిఖరం లేదు. కుట్లు లాగుతూ కూర్చోలేకపోవడం, రొమ్ము గట్టిపడి జ్వరం రావడం, కారణం తెలియని ఏడుపు, బిడ్డను ఎత్తుకోవాలంటే భయం, ఎత్తుకోకపోతే అపరాధభావం, ఇవన్నీ రోజుల తరబడి కొద్దికొద్దిగా జరుగుతాయి. నినాదానికి లొంగని ఈ అనుభవానికి దినచర్య వంటి రూపం కావాలి. ప్రసిద్ధి పొందిన కవితలు లేబర్ రూమ్ గడప దాకా వచ్చి ఆగడానికి వస్తువు పట్ల నిర్లక్ష్యం కంటే రూపపరమైన ఈ చిక్కు ముఖ్య కారణంగా తోస్తుంది.

మాతృత్వ మహిమను తిరస్కరించే క్రమంలో మరో ఇబ్బంది కూడా ఏర్పడింది. బిడ్డను ప్రేమిస్తూనే కుంగిపోయే తల్లి రెండు పక్షాలకూ అందదు. కీర్తించేవారికి ఆమె కుంగుబాటు అపచారం. ప్రశ్నించేవారికి ఆమె ప్రేమ వాదానికి అడ్డు. నిజానికి ఎక్కువమంది బాలింతలు ఈ రెండింటి నడుమనే ఉంటారు. వారిని వారి చోటనే చూడగల రచనకు వచనమే ఎక్కువ తోడ్పడుతుంది.

సాహిత్యం ఆగిన చోట ఆరోగ్య పుస్తకం కొంత దూరం వెళ్ళింది. 1991లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీలు తమ శరీరం గురించి తామే మాట్లాడుకునే తెలుగును తయారుచేసింది. సందేహాన్ని సిగ్గుగా కాక ప్రశ్నగా అడగవచ్చని చెప్పిన ఆ శీర్షికను సాహిత్య విమర్శ కూడా గుర్తుంచుకోవలసి ఉంది.

6. బిడ్డ లేని బాలింత

ప్రసవానంతర దుఃఖం తెలుగులో అత్యంత సూటిగా వినిపించిన చోటు కావ్యమో కథో కాదు, మౌఖిక చరిత్ర. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను నమోదు చేసి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించింది. అందులో కమలమ్మ కథనం ఒకటి. అజ్ఞాత జీవితంలో ఉండగా తల్లి అయి, ఆ పసిబిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చిన స్త్రీ ఆమె. పసివాడి ఏడుపు దళాన్ని పట్టిస్తుందన్న భయం ఉన్న చోట పురుడు, పథ్యం, నలభై రోజులు అన్న మాటలకు తావు లేదు.

ఈ కథనాన్ని సాధారణంగా త్యాగగాథగానో, ఉద్యమం స్త్రీల పట్ల వ్యవహరించిన తీరుకు సాక్ష్యంగానో చదువుతారు. రెండూ న్యాయమైన పఠనాలే. వాటితో పాటు దీనిని ఒక బాలింత కథనంగా కూడా చదవవలసి ఉంది. బిడ్డ దూరమైనా తల్లి శరీరం తన పని ఆపదు. పాలు పడతాయి, గర్భసంచి కుదించుకుంటుంది, రక్తస్రావం సాగుతుంది. తాగే నోరు లేని పాలు బాలింతకు శరీరమే చేసే జ్ఞాపకం. ‘తల్లీబిడ్డా క్షేమం’ అన్న జంట మాట విడిపోయినప్పుడు తల్లి క్షేమం ఒక ప్రత్యేక ప్రశ్నగా నిలబడుతుంది. బిడ్డను పోగొట్టుకున్న స్త్రీ కూడా బాలింతే అన్న ఎరుక ఆచారానికి తక్కువ. ఆమెకు ఉయ్యాల వేడుక లేదు కనుక పథ్యం కూడా లేకుండా పోతుంది.

దశాబ్దాల తర్వాత ఎదుట కూర్చున్న స్త్రీలు అడిగినప్పుడు ఈ మాటలు బయటికి వచ్చాయన్నది ముఖ్యమైన సంగతి. అడిగే మనిషి, వినే సమయం ఉన్నప్పుడు బాలింత మాట్లాడింది. ఇన్నాళ్ళ మౌనానికి ఆమెకు మాటలు లేకపోవడం ఒక్కటే కారణం కాదని, ప్రశ్న లేకపోవడం కూడా కారణమని ఈ గ్రంథం రుజువు చేసింది.

7. వైద్యం అడిగే మాట

ఈ మౌనం పుస్తకాలకు పరిమితమై ఉంటే దాని నష్టం సాహిత్యానికే. కానీ ప్రసవం తర్వాత మూడు నుంచి అయిదు రోజుల్లో చాలామంది తల్లులకు కలిగే దిగులు, ఏడుపు సాధారణంగా రెండు వారాలలో తగ్గుతాయి. అవి తగ్గకుండా నిలిచిపోతే, లేదా తర్వాతి నెలల్లో మొదలై ముదిరితే ప్రసవానంతర కుంగుబాటు అవుతుంది. వెయ్యి ప్రసవాలకు ఒకరిద్దరిలో మతిభ్రమణ లక్షణాలతో తీవ్రమైన మానసిక వ్యాధి కనిపిస్తుంది. అది అత్యవసర చికిత్స కోరే స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2017లో వెలువడిన ఒక సమీక్ష భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లుల వివరాలను క్రోడీకరించి, వారిలో 22 శాతం మందికి ప్రసవానంతర కుంగుబాటు ఉన్నట్టు అంచనా వేసింది. పేదరికం, గృహహింస, కుటుంబ ఆదరణ లేకపోవడం, ఆడపిల్ల పుట్టడం వంటివి అందుకు దోహదం చేసే కారణాలుగా గుర్తించబడ్డాయి.

కుంగుబాటును ముందుగా పసిగట్టడానికి వైద్యులు విరివిగా వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987లో రూపొందింది. అందులో పది ప్రశ్నలున్నాయి. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, రాబోయే వాటి కోసం సంతోషంగా ఎదురు చూడగలిగారా, కారణం లేకుండా మిమ్మల్ని మీరు నిందించుకున్నారా అన్న తరహాలో అవి సాగుతాయి. ఆ ప్రశ్నలను ఏ భాషలోకి తెచ్చినా అవి ఆ భాషలోని తల్లుల మాటలను తాకితేనే పని చేస్తాయి. తెలుగు బాలింత ‘కుంగుబాటు’ అనదు. ‘పాలు చాలడం లేదు’ అంటుంది, ‘గుండెలో గుబులుగా ఉంది’ అంటుంది, ‘ఏదోలా ఉంది’ అంటుంది. దిగులు, బెంగ, గుబులు, విసుగు, నిస్సత్తువ అన్న పదాల మధ్య ఉన్న తేడాలు నిఘంటువు కంటే కథ బాగా చెప్పగలదు. ఒక బాలింత ఆ పదాలను ఎప్పుడు, ఎవరితో, ఎంత తగ్గించి పలుకుతుందో చూపే సాహిత్యం ఉన్న భాషలో ఆరోగ్య కార్యకర్త చెవి మరింత పదునెక్కుతుంది.

వ్యవస్థ కొన్ని అడుగులు వేసింది. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టం వేతనంతో కూడిన సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 12 నుంచి 26 వారాలకు పెంచింది. అయితే వ్యవసాయ కూలీలుగా, ఇంటిపనివారుగా ఉన్న అసంఖ్యాక స్త్రీలకు ఆ సెలవు అందదు. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని చెప్పింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలకు కలిపి చికిత్స చేసే విభాగం 2009 నుంచి నడుస్తోంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రసవానంతరం మొదటి 24 గంటల సంరక్షణ తర్వాత మరో మూడుసార్లు, అంటే రెండు మూడు రోజులకు, ఒకటి రెండు వారాల నడుమ, ఆరో వారంలో తల్లీబిడ్డలను చూడాలని సూచించింది. ఆ మూడు సందర్భాల్లోనూ బిడ్డ బరువు తూచడం సులభం. తల్లిని ‘నీకెలా ఉంది?’ అని అడిగి, జవాబు కోసం ఆగడం కష్టం.

8. ముగింపు

తెలుగులో ‘కోలుకోవడం’, ‘తేరుకోవడం’ అని రెండు మాటలున్నాయి. మొదటిది బలం తిరిగి రావడాన్ని, రెండవది కలత తీరడాన్ని సూచిస్తుంది. కలకబారిన నీరు కదపకుండా ఉంచితే తేరుకుంటుంది. పురిటింటి ఆచారం మొదటి దానికి కాయం నూరింది. రెండవ దానిని కాలానికి వదిలేసింది. సాహిత్యం చాలావరకు ఆచారం అడుగుజాడల్లోనే నడిచింది. ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు:

మొదటిది, స్త్రీల పాటలు శిష్టసాహిత్యం కంటే ప్రసవవేదనకు దగ్గరగా వెళ్ళాయి. బాలింత దశ వచ్చేసరికి అవి కూడా ఉయ్యాల వైపు తిరిగాయి. జోలపాటలను పాడే మనిషి స్థితి నుంచి మళ్ళీ చదవవలసిన అవసరం ఉంది.

రెండవది, సీత పురుడు ఘట్టంలోని మౌనం పునర్లిఖిత కథల్లో కూడా కొనసాగింది. గాయం నుంచి కోలుకునే క్రమాన్ని చిత్రించడానికి అవసరమైన కథనశక్తి తెలుగులో లేకపోలేదని ‘సమాగమం’ చూపింది.

మూడవది, స్త్రీవాద కవిత్వం తెరిచిన తలుపు లేబర్ రూమ్‌ది. దాని తర్వాతి గది వచనం కోసం, దినచర్య వంటి ఓపికైన రూపం కోసం ఎదురు చూస్తోంది. ఆ గదిలో కూలి తల్లికీ, మంత్రసానికీ, బిడ్డను కోల్పోయిన తల్లికీ చోటు ఉండాలి.

నాలుగవది, మౌఖిక చరిత్ర చూపినట్టు బాలింత మౌనం శాశ్వతం కాదు. అడిగినప్పుడు అది వీడుతుంది. అడగడానికి తగిన మాటలను సమకూర్చడం సాహిత్యం వైద్యానికి చేయగల సహాయం.

పురిటింటి నుంచి వచ్చే వార్తను రెండు వాక్యాలుగా చెప్పే అలవాటు సాహిత్యంలో మొదలుకావచ్చు. బిడ్డ క్షేమం ఒక వాక్యం. తల్లి ఎలా ఉందన్నది మరో వాక్యం. ఆ రెండవ వాక్యం రాయాలంటే ఆమె మంచం పక్కన కాసేపు కూర్చోక తప్పదు.